‘ఓస్, ఇంతేనా’ అనే ముందు

తమ్ముడూ,

అమలాపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. తీర్థాల్లో మైకు సెట్లు కట్టే కుర్రాడు యాంప్లిఫైయర్ (శబ్దాన్ని పెంచేది), ఈక్వలైజర్ (హెచ్చు, తగ్గు స్వరాల పాళ్లు సర్దేది), క్రాసోవర్ (వాటిని విడదీసి వేర్వేరు స్పీకర్లకు పంపేది) ఒకే పెట్టెలో పెట్టి పేటెంట్ అడిగితే ఏమవుతుందన్న ఊహ బాగుంది, కానీ రెండో వాక్యంలోనే ‘ఇది ఎవరికైనా తట్టేదే’ అని తేల్చేశావు. ఎవరికైనా అంటే ఎవరికి? చట్టం చూసేది ఆ పని తెలిసినవాడికి తడుతుందా అని, అదీ దరఖాస్తు నాటికి బయటికొచ్చిన పేటెంట్లూ పేపర్లూ అన్నీ వాడి ముందు పరిచి ఉన్నాయనుకుని.

ఆ మూడూ ఎవరి పని అవి పాత పద్ధతిలోనే చేసుకుంటుంటే 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎఫ్) దగ్గరే కథ ఆగిపోతుంది, తెలిసిన పరికరాల్ని ఊరికే పక్కపక్కన పేర్చడం ఆవిష్కరణ కాదంటుందది. అలాకాక మైకు కూత పెట్టబోతోందని పసిగట్టి ఈక్వలైజరే క్రాసోవర్‌ని సర్దితే అప్పుడు రాయడానికి సరుకుంది: అలా కలపమని పాతవాటిలో సూచన ఉందా, ఫలితం ముందే ఊహించదగ్గదేనా? 2007లో అమెరికా సుప్రీంకోర్టు కేఎస్‌ఆర్ కేసులో పట్టుకున్నది ఈ రెండో ప్రశ్ననే. (అది కారు పెడల్ కేసు, మన కోర్టులు దానికి కట్టుబడక్కర్లేదు, ఆ ముక్క కూడా రాయి.)

నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫైయర్ కనిపెట్టిన అమెరికా ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ గురించి ఒక్క లైనుతో సరిపెట్టావు, అక్కడే నాకు ఒళ్లు మండింది. 1927లో ఆఫీసుకెళ్తూ, మన నరసాపురం రేవులో పంటు ఎక్కినట్టు హడ్సన్ నది దాటుతూ, చేతిలోని పేపరు మీద గీశాడాయన: అవుట్‌పుట్‌లో కొంత తిరగేసి ఇన్‌పుట్‌కి పంపితే గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది) తగ్గుతుంది, దాంతోపాటు డిస్టార్షనూ (సిగ్నల్ రూపు చెడడం) తగ్గుతుంది. ఇవాళ ఏ ఈసీఈ కుర్రాడైనా వైవాలో గడగడా చెప్పేస్తాడు. కానీ ఆ రోజుల్లో యాంప్లిఫైయర్లలో వాడే వాక్యూమ్ ట్యూబుల నుంచి గెయిన్ రాబట్టడమే గగనం, వచ్చినదాన్ని చేతులారా వదులుకోవడమేమిటని పేటెంట్ ఆఫీసుకే నమ్మకం కుదరలేదు. 1928లో దరఖాస్తు పెడితే 1937లో గానీ పేటెంట్ రాలేదు. జవాబు తెలిశాక వెనక్కి చూసి తేలిక అనేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి నీకు ఇంతకన్నా ఏం కావాలి?

అందుకే జవాబుని వ్యాసంలో వెనక్కి నెట్టు, ముందు ఇబ్బందిని చూపించు. మీ ఊళ్లో సౌండ్ సిస్టమ్ వాళ్ల దగ్గరికెళ్లి పెట్టె చూపించకుండా ‘కూత ఆపాలంటే నువ్వేం చేస్తావ్’ అని అడుగు. చూపించాక అడిగితే అందరూ ‘ఓస్, ఇంతేనా’ అనేస్తారు, ఆ మాట నీకు పనికిరాదు.

‘బాగా అమ్ముడుపోతుంది కాబట్టి పేటెంట్ ఇవ్వాలి’ అన్న పేరా తీసెయ్. ఆవిష్కరణలో కొత్త అడుగు అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(1)(జేఏ) ఆర్థిక ప్రాధాన్యాన్ని ఒప్పుకుంటుంది గానీ, పని తెలిసినవాడికి తట్టనిదై ఉండాలన్న షరతు దానికీ తప్పదు. ఆదివారంలోగా మళ్లీ రాసి పంపు.

మీ అన్నయ్య,
పాలకొల్లు