డీబీఎంఎస్ ప్రాజెక్టు విడిగా చేసుకోవడం మంచిదా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. డీబీఎంఎస్ (డేటాబేస్ నిర్వహణ) సబ్జెక్టులో నలుగురు కలిసి కాలేజీ లైబ్రరీకి డేటాబేస్ తయారుచేసే ప్రాజెక్టు ఇచ్చారు. పనంతా తనే చేస్తోంది, మార్కులు మాత్రం నలుగురికీ సమానమట. విడిగా చేసుకుంటానని లెక్చరర్‌ను అడగమంటారా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: అడగవద్దనే చెబుతాను. మీ అమ్మాయి బాధ న్యాయమైనదే. కానీ ప్రోగ్రాంలో తప్పు రాస్తే చాలాసార్లు కంప్యూటరే ఎత్తిచూపుతుంది గానీ, డేటాబేస్‌లో సమాచారం ఉంచే టేబుళ్లను తప్పుగా విడదీస్తే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాష) ఏ అభ్యంతరమూ చెప్పదు; ఆ తప్పు పట్టుకోవడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి.

లైబ్రరీ సంగతే చూడండి. ఒక్కరే కూర్చున్నవారు సాధారణంగా పుస్తకం పేరు, రచయిత, తీసుకెళ్లిన విద్యార్థి రోల్ నంబరు అన్నీ ఒకే టేబుల్‌లో పెట్టేస్తారు. అదే పుస్తకం ఐదు కాపీలుంటే ఏ కాపీ ఎవరి దగ్గరుందని జట్టులో ఒకరు అడిగిన క్షణాన ఆ డిజైన్ నిలవదు. పుస్తకానికి ఒక టేబుల్, కాపీకి ఒకటి, ఇష్యూకి మరొకటి కావాలని, కాపీ టేబుల్‌లో పుస్తకం నంబరు ఫారిన్ కీగా, అంటే పుస్తకాల టేబుల్‌తో కలిపే లంకెగా, ఉండాలని అప్పుడు తెలుస్తుంది. పీటర్ చెన్ 1976లో ప్రతిపాదించిన ఈఆర్ (ఎంటిటీ-రిలేషన్‌షిప్) మోడల్ ప్రకారం, ఏయే అంశాలున్నాయో వాటి మధ్య సంబంధాలేమిటో చూపుతూ గీసే బొమ్మలు ఇలాంటి చర్చకు ఎంతో అనువైనవి, ఎందుకంటే కోడ్ రాయనివారు కూడా వాటిని చూసి ప్రశ్న వేయగలరు.

ఇక పని పంపకం. ఒకరికి డయాగ్రం, ఒకరికి కోడ్, ఒకరికి రిపోర్టు అని పంచుకోవడం నాకు నచ్చదు, ఎవరి ముక్క వారికే తెలుస్తుంది. ఈఆర్ డయాగ్రం నలుగురూ ఒకే కాగితం మీద గీయాలి. తరువాత ఒకరు తయారుచేసిన టేబుళ్లు మూడో నార్మల్ ఫామ్‌లో (ఒకే సమాచారం అనవసరంగా పలుచోట్ల రాకుండా చూసే నియమం ప్రకారం) ఉన్నాయో లేదో మరొకరు సరిచూడాలి. సహకార అభ్యసనంపై దశాబ్దాలుగా పనిచేసిన మిన్నెసోటా విశ్వవిద్యాలయపు డేవిడ్, రోజర్ జాన్సన్ సోదరులు పరస్పరం ఆధారపడటంతో పాటు ఎవరి బాధ్యత వారికి ఉండటం కూడా తప్పనిసరి అంటారు. మీ అమ్మాయి జట్టులో లోపించింది ఈ రెండోదే. కాబట్టి లెక్చరర్‌ను అడగవలసింది విడిపోవడానికి అనుమతి కాదు: వైవాలో ఎవరినైనా ఏ భాగం గురించైనా ప్రశ్నించి, కొన్ని మార్కులు విడివిడిగా వేయమని కోరాలి. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో 'ఈ టేబుల్‌ను ఎందుకు వేరు చేశావు?' అని అడిగితే, ముగ్గురితో వాదించి తేల్చుకున్న అమ్మాయి తడుముకోదు.

ఈఆర్ డయాగ్రం సమర్పించక ముందే లెక్చరర్‌తో మాట్లాడమనండి. టేబుళ్లలో డేటా నింపాక డిజైన్ మార్చడం కష్టం, అప్పటికి మిగతా ముగ్గురికీ పంచడానికి రిపోర్టు తప్ప పెద్దగా పనేమీ మిగలదు.