అలారం సంగతి తర్వాత, ముందు ఒక్కపొద్దు ఏ రోజో అడగండి

గుండె రక్తనాళంల స్టెంట్ (సన్న జాలి గొట్టం) పడ్డ మీ నాన్న మందులు సరిగ్గా వేసుకుంటలేడు, ఫోన్‌లో అలారం పెడితే దారికొస్తడా అని అడిగిండ్రు. రాడు. మా నాయిన అలారం బంద్ చేసి బర్రెల కాడికి పోయేటోడు. పెద్దోళ్లు గోళీలు మర్చిపోతరనేది అన్నిసార్లు నిజం కాదు. చానామంది తెలిసే మానేస్తరు, కారణం మనకు చెప్పరు.

మాది దేవరకొండ దిక్కు. గుండెపోటొచ్చి స్టెంట్ వేసినంక నాయినకు రక్తం గడ్డ కట్టకుంట ఆస్పిరిన్ రోజుకొకటి, టికాగ్రెలార్ పొద్దున, రాత్రి రాసిండ్రు. ఏడాది దాటకముందే ఆపితే స్టెంట్‌ల రక్తం గడ్డ కడతదని గట్టిగనే చెప్పిండ్రు. ఒకసారి ఊరికి పోయి గోళీల డబ్బా తీస్తే, ఒడిసిపోవాల్సిన షీటు ఇంకా మిగిలే ఉన్నది. అమ్మనడిగితే, "శనారం ఒక్కపొద్దు గదరా. తిన్నంక ఏస్కోవాలని చీటీల రాసిరి. తినకుంట ఎట్ల ఏస్కుంటడు?" అన్నది. పొద్దటిది ఎగ్గొట్టి రాత్రిదే వేసుకుంటుండట.

ఒక్కపొద్దు ఇడువమంటే నాయిన కస్సుమన్నడు. "పానం నిలబెట్టినందుకే ఎంకన్నకు మొక్కిన. గుండె కోసమే గదరా ఇది."

దానికి నా దగ్గర జవాబు లేదు. నల్లగొండ చెకప్‌ల డాక్టరు ముందటనే ఎత్తిన. ఆయన నవ్వి, టికాగ్రెలార్ తిన్నా తినకున్నా వేసుకోవచ్చు, ఆ రోజు ఆస్పిరిన్ రాత్రి బువ్వ తిన్నంక వేసుకో, మొక్కు ఇడువకు అన్నడు. గంతే, శనారం గోళీ మళ్ల తప్పలే. మీ నాన్నకు రాసినవి వేరే ఉండొచ్చు, ఆయన డాక్టరునే అడగండి.

చుట్టాల సంగతి వేరే చెప్పాల్నా? తెల్లమద్ది చెక్క కషాయం తాగితే గోళీలక్కర లేదని ఒకాయన వచ్చి చెప్పిపోయిండు. ఆయనకు స్టెంట్ లేదు లెండి.

పైసల ముచ్చట కూడా ఉన్నది. 2007ల ఆరోగ్యశ్రీ మొదలైన తొలి జిల్లాల్లో మా పక్క పాలమూరు ఒకటి. ఆపరేషన్ అట్ల గట్టెక్కుతది. తర్వాత ఏండ్ల తరబడి కొనే గోళీలకే చేతులు రావు, రోజు ఇడిచి రోజు వేసుకునేటోళ్లను చూసిన. జనఔషధి దుకాణంల అడిగి చూడండి, చానా తక్కువకొస్తయి.

ఇగ మెడికల్ షాపోళ్లు షీటును కత్తెరతోని కోసి, పేరున్న ముక్క వాళ్ల దగ్గర్నే ఉంచుకుంటరు. కొలెస్ట్రాల్ గోళీ పోయిన నెల తెల్లది, ఈ నెల గులాబీది. మందు అదే, కంపెనీ వేరే. ఈ ముచ్చట మా నాయినకు ఇప్పటికీ ఎక్కలే, "ఇది నాది కాదు" అని గులాబీ షీటు పోయి వాపస్ ఇచ్చొచ్చిండు.