చనిపోయాడా, చంపారా, హత్య చేశారా?

సందేహం: 2020లో అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ ఒక పోలీసు మోకాలి కింద ప్రాణం విడిచినప్పుడు మా ఊరి మాసపత్రికకు వ్యాసం రాశాను. 'శ్వేతజాతి పోలీసు అధికారి చేతిలో నల్లవాడి హత్య' అని శీర్షిక పెట్టాను. డల్లాస్‌లో ఉంటున్న మా మరిది అది చదివి, "వదినా, విచారణ మొదలే కాలేదు, హత్య అని మీరెలా తేలుస్తారు? మరణం అని రాయండి. మనం బయటివాళ్లం, మనకెందుకు" అన్నాడు. మరుసటి ఏడాది తీర్పు వచ్చాక, "ఇప్పుడు రాసుకోండి" అన్నాడు. ఈ మధ్య నా వ్యాసాలన్నీ పుస్తకంగా వేస్తున్నాను. ఆ మాట ఉంచాలా, తీసెయ్యాలా? ఆ పోలీసుపై మోపిన మూడు అభియోగాలను తెలుగులో ఎలా చెప్పాలి? వ్యాసాలు జతచేస్తున్నాను, మిగతా తప్పులూ చూడగలరు.
– ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మా, మీ మరిది సగం సరైన మాట చెప్పారు. తీర్పు రాకముందు వార్తలో 'హత్య' అనకూడదన్నది ఆ సగం. దాని బదులు 'మరణం' అంటే ఎవరి పక్షమూ కాదనుకోవడం రెండో సగం, దానితోనే నాకు పేచీ.

తెలుగు క్రియల్లో ఒక సదుపాయం ఉంది. కూలు, కూల్చు, మునుగు, ముంచు, ఆరు, ఆర్పు, తెగు, తెంచు. దీపం ఆరిందంటే గాలికి కావచ్చు, నూనె లేక కావచ్చు. ఆర్పారంటే ఆర్పిన చెయ్యి ఒకటి ఉంది. చచ్చు, చంపు కూడా అలాంటి జంటే. 'చంపాడు' అన్నప్పుడు మనం చెప్పేది ఒక్కటే: ఈ మనిషి చేసిన పనివల్ల ఆ మనిషి ప్రాణం పోయింది. కావాలని చేశాడా, కోపంలో చేశాడా, ఆత్మరక్షణ కోసం చేశాడా అన్నది ఆ క్రియ చెప్పదు. పాము కరిచి చంపినా చంపడమే, సైనికుడు చంపినా చంపడమే. 'హత్య చేశాడు' అన్నప్పుడు మాత్రం వాక్యంలోకి నేరం వచ్చి కూర్చుంటుంది.

సంస్కృతంలో హత్య అంటే చంపడమే కదా అని మీరు ఎదురు చెప్పవచ్చు. నిజమే. భ్రూణహత్య, ఆత్మహత్య వంటి సమాసాల్లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. కానీ 'హత్య' ఒంటరిగా నిలబడితే ఈనాటి తెలుగు పాఠకుడికి స్ఫురించేది పథకం, కక్ష, కత్తి. వ్యుత్పత్తి చూపించి వాడుకను కాదనలేం.

ఇక మీ మరిది సూచించిన 'మరణం' సంగతి. 2020 మే 25 రాత్రి ఘటన జరిగాక మినియాపొలిస్ పోలీసు శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. దాని శీర్షికను మన పత్రికల భాషలో పెడితే ఇలా ఉంటుంది: 'పోలీసులు విచారిస్తుండగా అస్వస్థత, వ్యక్తి మృతి'. లోపల, అతడికి సంకెళ్లు వేయగలిగారని, అతడు అస్వస్థతతో ఉన్నట్టు గమనించారని ఉంది. మోకాలు లేదు, మెడ లేదు. చదివితే ఎవరికో గుండెపోటు వస్తే పోలీసులు దయతో అంబులెన్సును పిలిచారనిపిస్తుంది. అందులో ఒక్క వాక్యాన్నీ పట్టుకుని అబద్ధమని చెప్పడం కష్టం. అవసరమైన క్రియను మాత్రం రానివ్వలేదు, అంతే. రోడ్డు మీద నిలబడి పదిహేడేళ్ల అమ్మాయి ఫోనులో తీసిన వీడియో లేకపోతే ఆ 'మృతి' అలాగే నిలిచిపోయేది. అందుకే 'మరణించాడు' నిష్పక్షపాతమైన మాట కాదంటున్నాను. చేసిన చేతిని కనబడకుండా చేసేది కూడా ఒక పక్షమే. మన దగ్గర 'ఎదురుకాల్పుల్లో మృతి' చదివి చదివి మన చెవులకు ఇది అలవాటైపోయింది.

నేను కొన్నేళ్లు ఒక పత్రిక డెస్కులో ప్రూఫులు దిద్దాను. అక్కడొక పెద్దాయన ఉండేవారు. మొదటి రోజు వార్తలో 'హత్య' కనిపిస్తే ఎర్రసిరాతో కొట్టేసి, "శవం దొరికిందయ్యా, ఇంకేమీ దొరకలేదు" అనేవారు. ఆయనే 'మృతి' అన్నచోట ఒక్కోసారి ఆగి, "ఎలా?" అని పక్కన రాసేవారు. ఆ రెండో గీత నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మీరు 2020 జూన్‌లో 'పోలీసు చంపిన ఫ్లాయిడ్' అని రాసి ఉంటే మీ మరిదికి పట్టుకోవడానికి ఏమీ దొరికేది కాదు. ఎందుకంటే జూన్ 1న, మినియాపొలిస్ ఉన్న హెన్నెపిన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) వైద్య పరీక్షాధికారి నివేదికలో ఉన్నది సరిగ్గా అదే: మరొకరి చేతిలో సంభవించిన మరణం. దానికి వాళ్లు వాడే మాట 'హోమిసైడ్'. అది వైద్యుడి మాట, న్యాయమూర్తిది కాదు. నేరం జరిగిందని అది చెప్పదు. అప్పట్లో నేను చూసిన తెలుగు అనువాదాల్లో 'హత్యేనని తేల్చిన పోస్టుమార్టం' అని వచ్చింది. డాక్టరు చేత తీర్పు చెప్పించడమంటే అదే. మీ రెండో వ్యాసంలోనూ ఆ వాక్యం ఉంది, దిద్దుకోండి.

ఇప్పుడు మూడు అభియోగాలు. ఇక్కడ తెలుగు నిజంగా ఇబ్బంది పెడుతుంది.

మొదటిది 'సెకండ్ డిగ్రీ మర్డర్', అందులోనూ ఉద్దేశం లేనిది. ఒకడు దాడి వంటి పెద్ద నేరం చేస్తుండగా, చంపాలని లేకపోయినా ప్రాణం పోతే, ఆ నగరం ఉన్న మిన్నెసోటా రాష్ట్ర చట్టం దాన్ని ఈ పద్దు కింద వేస్తుంది. 'ఉద్దేశం లేని హత్య' అని మక్కికి మక్కి దించితే తెలుగు చెవికి తడి లేని నీళ్లన్నట్టు ఉంటుంది. రెండోది 'థర్డ్ డిగ్రీ మర్డర్'. ఎదుటివారి ప్రాణాన్ని లెక్కచేయకుండా అతి ప్రమాదకరమైన పని చేసి చంపడం. మీరు దాన్ని 'థర్డ్ డిగ్రీ హత్య' అని అలాగే ఉంచారు. అమ్మా, మన దగ్గర 'థర్డ్ డిగ్రీ' అంటే అర్థమేమిటి? పోలీస్ స్టేషన్‌లో లాఠీ, బూటుకాలు, కరెంటు షాకు. మీ వాక్యం చదివిన ఖమ్మం పాఠకుడు ఫ్లాయిడ్‌ను లాకప్‌లో చిత్రహింసలు పెట్టి చంపారనుకుంటాడు. అక్కడ డిగ్రీ అంటే నేరం తీవ్రతలో మెట్టు. మొదటి మెట్టు అన్నిటికన్నా ఘోరం, అంకె పెరిగినకొద్దీ తీవ్రత తగ్గుతుంది. 'మూడో తరగతి హత్య' అంటే రైలు టిక్కెట్టు గుర్తొస్తుంది. 'మూడో స్థాయి హత్యానేరం' పర్వాలేదు.

మూడోది 'మాన్‌స్లాటర్'. మీరు 'నరహత్య' అన్నారు. నిఘంటువు ప్రకారం తప్పు కాదు, మన పాత శిక్షాస్మృతి తెలుగు అనువాదాల్లోనూ 'నేరపూరిత నరహత్య' ఉంది. చిక్కల్లా ధ్వనితో. నరమేధం, నరహంతకుడు, నరబలి విన్న చెవికి 'నరహత్య' హత్యకంటే పెద్దదిగా వినిపిస్తుంది. చట్టంలో అది హత్యకంటే చిన్నది! మీ వ్యాసంలో 'హత్యతో పాటు నరహత్య కూడా చేశాడని' అని చదివినప్పుడు నాకే ఒక్క క్షణం ఇంకో శవం ఎక్కడుందా అనిపించింది. నేనైతే 'నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం' అంటాను. పొడవే, కానీ ఎవరూ పొరబడరు. ఇంకో సంగతి కూడా పాఠకుడికి విప్పి చెప్పాలి. మూడు అభియోగాలున్నా చావు ఒక్కటే. ఒకే పనిని మూడు తూకపురాళ్లతో తూచమని జ్యూరీని అడిగారు. 2021 ఏప్రిల్ 20న మూడూ రుజువయ్యాయి. శిక్ష మాత్రం అన్నిటికన్నా పెద్దదానికే పడింది: ఇరవై రెండున్నర ఏళ్లు.

జ్యూరీ అన్నాను కదా, మీరు 'పన్నెండుమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా' అని రాశారు. అది పన్నెండుమంది సభ్యుల ధర్మాసనం అయిపోతుంది. వాళ్లు ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులు. న్యాయమూర్తి ఒక్కరే, పీటర్ కేహిల్. నేరం రుజువైందో లేదో చెప్పేది వాళ్లు, శిక్ష ఎంతో చెప్పేది ఆయన. మన దేశంలో 1973 నేర విచారణ స్మృతితో జ్యూరీకి పూర్తిగా చోటు పోయింది కాబట్టి మాట కూడా మనకు దూరమైంది. 'జ్యూరీ సభ్యులు' చాలు. సినిమా అవార్డుల పుణ్యమా అని ఆ మాట అందరికీ తెలుసు.

'ముద్దాయి' వాడినందుకు మాత్రం మెచ్చుకుంటున్నాను. ఈ మాట కథ తమాషాగా ఉంటుంది. అరబ్బీ మూలంలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, అంటే వాది. ఉర్దూలో ఈనాటికీ అదే అర్థం. తెలుగు కచేరీల్లోకి వచ్చేసరికి బోను ఎక్కినవాడికే ఆ పేరు స్థిరపడింది. హైదరాబాదు ఉర్దూ వకీలు, తెలుగు గుమాస్తా పక్కపక్కన కూర్చుని ఒకే మాటతో ఇద్దరు వేర్వేరు మనుషులను పిలుచుకునేవారన్నమాట.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆపింది అభియోగాలు కాదు, ఈ రెండు వాక్యాలు: 'అధికారి అతడి మెడపై మోకాలు మోపారు. ఫ్లాయిడ్ కాసేపటికి మరణించాడు.' మోపినవారికి 'రు', పోయినవాడికి 'డు'. మీరు కావాలని రాయలేదని తెలుసు, పత్రికలు చదివిన చెయ్యి అలాగే రాస్తుంది. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకటే సర్వనామం, అక్కడ ఈ తగువే రాదు. తెలుగులో ప్రతి క్రియాంతంలోనూ మనం మనిషిని కుర్చీలోనో నేల మీదో కూర్చోబెడుతూనే ఉంటాం. పై పేజీలో 'మోపారు' అన్న ఆయనే అరెస్టయ్యాక కింది పేజీలో 'అన్నాడు' అయిపోయాడు. అంటే సంకెళ్లు పడ్డాకే ఆయన గౌరవ బహువచనం ఊడింది. ఇద్దరికీ 'డు' పెట్టండి, లేదా ఇద్దరికీ 'రు' పెట్టండి. నా ఓటు మొదటిదానికి. 'అధికారి' కూడా వద్దు. అక్కడ వీధి గస్తీ తిరిగే పోలీసునూ 'ఆఫీసర్' అనే పిలుస్తారు. మన వరుసలో చెప్పాలంటే ఫ్లాయిడ్ మెడపై మోకాలు మోపిన డెరెక్ షోవిన్ కానిస్టేబుల్‌కు దగ్గర. 'పోలీసు అధికారి' అంటే మన పాఠకుడి కళ్లముందు భుజాన నక్షత్రాలు కనిపిస్తాయి. (పేరు షోవిన్ అనే పలకాలి. 'చౌవిన్' అక్షరాలు చూసి చదివింది.)

'శ్వేతజాతి పోలీసు, నల్లవాడు' దగ్గరా ఇదే. ఒకడికి సంస్కృతం పట్టుబట్ట, ఇంకొకడికి ఇంట్లో తిరిగే తువ్వాలు. తెల్లజాతి, నల్లజాతి అంటే ఇద్దరూ ఒకే బట్టల్లో ఉంటారు.

ఫ్లాయిడ్ పదే పదే అన్న మాటను 'నేను శ్వాసించలేకపోతున్నాను' అని అనువదించారు. వ్యాకరణం బాగానే ఉంది. కానీ మెడ మీద తొమ్మిది నిమిషాల ఇరవై తొమ్మిది సెకన్లు మోకాలు ఉన్నవాడు 'శ్వాసించ' అనడు. మన భాషలో ఆ స్థితికి సిద్ధంగా ఉన్న మాట 'ఊపిరాడటం లేదు'. అందులో 'నేను' అక్కర్లేదు, ఆడవలసింది ఊపిరి, అది ఆడటం లేదు. అతడు అమ్మను కూడా పిలిచాడు. ఆమె పోయి అప్పటికి రెండేళ్లు. దాన్ని మీరు 'తల్లిని స్మరించాడు' అన్నారు. 'అమ్మా అన్నాడు' చాలు.

రాజకీయాల వ్యాసాన్ని తొందరగా దాటేస్తాను. 'ఎర్ర రాష్ట్రాలు పోలీసుల వైపు నిలిచాయి' అన్న వాక్యానికి వివరణ లేకపోతే ఖమ్మంలో చదివేవారు గందరగోళపడతారు, అక్కడ ఎర్రజెండా ఎవరిదో నేను చెప్పాలా? అమెరికాలో ఎరుపు రిపబ్లికన్ల రంగు, అదీ 2000 ఎన్నికల తర్వాతే స్థిరపడింది. డెమొక్రాట్లను 'వామపక్షం' అనడం కూడా అంతే, మన వామపక్షం వాళ్లు చదివితే నొచ్చుకుంటారు. పార్టీ పేర్లే రాయండి. పోలీసులకు నిధులు తగ్గించాలన్న నినాదాన్ని 'పోలీసు వ్యవస్థ రద్దు' అని రాశారు. ఆ నినాదం ఎత్తినవాళ్లలోనే కోత అన్నవారు, రద్దు అన్నవారు ఇద్దరూ ఉన్నారు. పోలీసు శాఖ స్థానంలో కొత్త శాఖ పెట్టాలన్న ప్రతిపాదనను 2021 నవంబరులో మినియాపొలిస్ ఓటర్లే తిరస్కరించారు. కాబట్టి ఎవరి మాటో చెప్పి రాయండి.

ఇక మీ అసలు ప్రశ్న. పాత శీర్షికలో 'హత్య' ఉంచండి. అది వార్త కాదు, మీ అభిప్రాయ వ్యాసం. రైతుల ఆత్మహత్యలను ప్రభుత్వ హత్యలు అన్నవాళ్లు కోర్టు తీర్పు కోసం చూడలేదు, అది ఆరోపణ అని విన్నవాళ్లకూ తెలుసు. అయితే వ్యాసం కింద '2020 జూన్' అని తేదీ వేయండి. తీర్పు చూసి రాసిన మాట కాదని, తీర్పుకు ముందే మీరు పూచీపడి అన్న మాట అని పాఠకుడికి తెలియాలి. లోపలి వార్తా వాక్యాల్లో మాత్రం 'చంపాడు' చేయండి.

బయటివాళ్లం, మనకెందుకు అన్నారట మీ మరిది. 2023 జనవరిలో కర్నూలు జిల్లా నుంచి చదువుకోవడానికి వెళ్లిన అమ్మాయి సియాటెల్‌లో రోడ్డు దాటుతుండగా పోలీసు కారు గుద్దింది. 25 మైళ్లు దాటకూడని వీధిలో అది 74 మైళ్ల వేగంతో వచ్చింది. ఇంకో పోలీసు ఫోనులో నవ్వుతూ ఆమె ప్రాణానికి 'పరిమితమైన విలువ' అన్న మాట అతడి ఒంటి మీది కెమెరాలోనే రికార్డయింది. ఆ నవ్విన పోలీసు ఉద్యోగం పోయింది. కారు నడిపినవాడిపై నేరాభియోగం మోపడానికి సాక్ష్యం చాలదని 2024లో ప్రాసిక్యూటర్ తేల్చారు. విచారణే లేదు, కాబట్టి 'హత్య' అనలేం. మన పత్రికలు 'వాహనం ఢీకొని విద్యార్థిని మృతి' అని రాశాయి. ఊళ్లో లారీ ప్రమాదం జరిగితే మాత్రం జనం అలా అనరు, "గుద్ది చంపేశాడు" అంటారు. ఆ వారం మీ మరిది ఇంటికి ఫోను చేసే ఉంటారు. అప్పుడు ఆయన ఏ క్రియ వాడారో ఒకసారి అడిగి చూడండి.