పిడికెడు బియ్యం, పావుగంట పలకరింపు

ప్రశ్న: మా విచారణలో (మా చర్చి పరిధిలో) ఆదివారం సత్యోపదేశం, అంటే పిల్లలకు క్యాథలిక్ మతబోధ, చెబుతాను. 7 నుంచి 13 ఏళ్ల పిల్లలు 22 మంది. ఏడు శారీరక కారుణ్యక్రియలూ (ఆకలి, రోగం వంటి ఒంటి కష్టాల్లో ఉన్నవారికి చేసే దయాకార్యాలు) గడగడా అప్పజెబుతారు. ఆచరణంటే మాత్రం క్రిస్మస్‌కి దుప్పట్లు పంచి ఫొటో దిగడమే. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో ఏం చేయించను? (గుంటూరు జిల్లా పాఠకురాలు)

జవాబు: ఏడూ ఒక్కసారే వద్దు. ఆకలిగొన్నవారికి అన్నం, రోగులను దర్శించడం, ఈ రెండూ 40 రోజులకు సరిపోతాయి.

తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు తలా ఒక మూతడబ్బా ఇవ్వండి. ఇంట్లో ఎసరు పెట్టే వేళ బిడ్డే తన పిడికిలితో బియ్యం తీసి అందులో వేయాలి. అమ్మ వేస్తే అది అమ్మ దానం. చిన్న పిడికిలికి 30 గ్రాములనుకున్నా, తలా కిలో పైనే పోగవుతుంది. అందరివీ కలిపి పాతిక కిలోలు. ఐదు ఇళ్లకు ఐదేసి కిలోలు.

చెడేది ఎక్కడంటే, సన్నబియ్యం, రేషన్ బియ్యం ఒకే సంచిలో పోస్తారు. వండితే కొంత చిమిడిపోతుంది, కొంత పలుకుగా మిగులుతుంది. సంచులు వేరుగా పెట్టండి. పురుగు పట్టకుండా వారంవారం తెప్పించి ఇచ్చేయండి. ఎవరికివ్వాలో పేదలకు సాయపడే మీ విన్సెంట్ డి పాల్ సభవారినో, మతబోధ చేసే ఉపదేశినో అడగండి. అందుకునే ఇల్లు మీ తరగతి పిల్లవాడిదే కావచ్చు! అందుకే డబ్బాలు అందరి ముందూ తూచకండి, ఆ ఇంటికి తోటిపిల్లల్ని పంపకండి, గుడిమెట్ల మీద పంచకండి.

రోగుల దగ్గరికి ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు చాలు. ముందురోజే ఇంటివారిని అడగాలి. జలుబు, దగ్గు ఉన్న బిడ్డ ఆ వారం ఆగాలి. షుగర్ ఉందేమో కనుక్కోకుండా మిఠాయిలు పట్టుకెళ్లొద్దు. మంచం పక్కన పిల్లలు బిక్కచచ్చిపోతారు. కాబట్టి చేతికి పని చెప్పండి: మంచినీళ్ల బిందె నింపడం, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసిపెట్టడం. మందులు మాత్రం ముట్టుకోనివ్వకండి. ఒక పరలోకజపం (‘పరలోకమందున్న మా తండ్రీ’ ప్రార్థన), మూడు మంగళవార్త జపాలు (మరియమ్మ ప్రార్థన) చెప్పి లేవాలి. జపమాల మొత్తం ఎత్తుకుంటే పావుగంట దాటి రోగి అలసిపోతారు. ఫొటో సంగతికి, కుడిచేయి చేసే దానం ఎడమచేతికి తెలియకూడదనే మత్తయి సువార్త 6:3 చదివించండి, వాళ్లే కెమెరా దించుతారు.

ప్రశ్న: మత్తయి 25లో ఆరు క్రియలే కనిపిస్తున్నాయి. ఏడోది ఎక్కడిది?

జవాబు: మృతులను పాతిపెట్టడం తోబీతు గ్రంథం నుంచి వచ్చింది. అస్సీరియా నగరం నీనెవెలో ప్రవాసంలో ఉండి, బయట పారేసిన తనవారి శవాలను ఆ గ్రంథంలోని తోబీతు పూడ్చిపెట్టేవాడు. పిల్లలకు దీన్ని నవంబర్ 2న మృతులను స్మరించే సమాధుల పండుగకు వారం ముందు నేర్పవచ్చు. ఎవరూ రాని సమాధులు రెండు ఎంచుకోండి. వానల తర్వాత గడ్డిలో పాములుంటాయి. ముందు పెద్దలు కోసి చదును చేయాలి, పిల్లలు బూట్లతో రావాలి. చెత్త ఏరడం, రాతిమీది పేరు తడిగుడ్డతో తుడవడం, ఆ పేరు పైకి చదివి ప్రార్థించడం వారి వంతు. సున్నం పని ఇవ్వకండి, కంట్లో పడితే చూపుకే ముప్పు.