వైరస్ జాడ తీసే పనిలో చేరుతున్న అమ్ములుకు

హైదరాబాద్

చి. అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

వైరస్ జన్యుక్రమాలు, అంటే దాని ఆర్ఎన్ఏలోని అక్షరాల వరుసలు, చదివే ల్యాబ్‌లో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. యంత్రం నడపడం అక్కడివాళ్ళే నేర్పుతారు, నెల తిరిగేసరికి నీకూ చెయ్యి తిరుగుతుంది. నేను రాసేది యంత్రానికి ముందూ వెనకా ఉండే పని గురించి. తప్పులు ఎక్కువగా దూరేది అక్కడే.

ట్యూబు చేతికి రాగానే ముందు దాని మీది చీటీ చదువు. సేకరించిన తేదీ, జిల్లా, రోగి వయసు, ఆస్పత్రిలో చేరారా లేదా, టీకా వేయించుకున్నారా, ఈమధ్య ప్రయాణాలు చేశారా. వైరస్ పరిణామాన్ని గమనించడమంటే ఏ మార్పు ఎప్పుడు, ఎక్కడ కనిపించిందో వరుసగా పేర్చడమే. తేదీ లేని జన్యుక్రమానికి ఆ వరుసలో చోటు లేదు. సేకరించిన తేదీ ఉండాల్సిన చోట నమూనా ల్యాబ్‌కు చేరిన తేదీ వేసి పంపుతుంటారు. ఈ రెండింటి మధ్య వారాలు గడిచిపోయి ఉండవచ్చు. కరోనా వైరస్ నెలకు సుమారు రెండు అక్షరాల చొప్పున మారుతుంది కనుక వారాల తేడా చిన్నదేమీ కాదు. అనుమానం వస్తే పంపినవారికి ఫోన్ చెయ్యి. విసుక్కున్నా చెయ్యి. కేసులు ఉప్పెనలా వచ్చే రోజుల్లో చీటీలు రాసేవారికి ఊపిరి సలపదు. మర్యాదగా మాట్లాడి, ఆ తేదీ మనకు ఎందుకు అవసరమో ఒకసారి చెప్పావంటే మరుసటి వారం నుంచి వాళ్ళే సరిగా రాస్తారు.

ఏ నమూనాలు చదువుతున్నామన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఆస్పత్రిలో చేరినవారి నమూనాలే చదివితే జబ్బు ముదిరినవారిలోని వైరస్ తెలుస్తుంది తప్ప, ఊళ్ళో తిరుగుతున్న వైరస్ తెలియదు. 2021 డిసెంబర్‌లో తెలంగాణలో మొదటి ఒమిక్రాన్ కేసులు ఎలా దొరికాయో గుర్తు చేసుకో. ముప్పున్న దేశాల జాబితా ఒకటి ఉండేది. శంషాబాద్‌లో దిగే ప్రయాణికుల్లో ఆ దేశాలవారికి పరీక్షలు తప్పనిసరి. మిగతా దేశాల నుంచి వచ్చేవారిలో మాత్రం కొద్దిమందినే ఎంపిక చేసి పరీక్షించేవారు. మన రాష్ట్రంలో ఒమిక్రాన్ మొదట బయటపడింది ఆ కొద్దిమందిలోనే. జాబితాను మాత్రమే నమ్ముకుని ఉంటే అది అప్పుడు చేజారేది. అందుకే అనుమానం ఉన్న నమూనాలతో పాటు ఏ ప్రత్యేకతా లేని మామూలు నమూనాలు కూడా ప్రతి వారం కొన్ని చదవాల్సిందేనని పట్టుబట్టు. ఖర్చు తగ్గించాలన్నప్పుడు మొదటి కోత పడేది వీటికే. ఊరుకోకు.

మురుగునీటి పరీక్షలు కూడా ఇందుకే ముఖ్యం. పరీక్షకు రానివారి వైరస్ కూడా మురుగులోకి చేరుతుంది. 2020లో మన ఊరి పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు మన నగరంలోని శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, 35 రోజుల వ్యవధిలో సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. కానీ ఆ నీటిలో ఎందరివో వైరస్ ముక్కలు కలగలిసి ఉంటాయి. వాటన్నిటినీ కలిపి ఒకే జన్యుక్రమంగా చూపిస్తే ఎవరి ఒంట్లోనూ లేని వైరస్‌ను సృష్టించినట్టే. ఏ రకం ఎంత పాలు ఉందో లెక్కగట్టే పద్ధతులు వేరే ఉన్నాయి, అవి నేర్చుకో.

ఇక బల్ల దగ్గర పని. ఆర్టీపీసీఆర్‌లో సీటీ విలువ (ఇది ఎంత తక్కువైతే నమూనాలో వైరస్ అంత ఎక్కువ) 25 లోపు వచ్చిన నమూనా సాధారణంగా ఇబ్బంది పెట్టదు. 30 దాటితే వైరస్ ఆర్ఎన్ఏ అంతంతమాత్రమే, చదివినదాని నిండా కంతలే. నమూనాలు పోసే చిన్న గుంటల పలకను ప్లేటు అంటారు. ప్రతి ప్లేటులోనూ ఒక గుంటలో రోగి నమూనాకు బదులు శుభ్రమైన నీళ్ళు పోస్తారు. ఫలితాలు రాగానే మొట్టమొదట తెరవాల్సింది ఆ నీళ్ళ గుంటనే. అందులో వైరస్ అక్షరాలు కనిపించాయంటే ఎక్కడో కలుషితమైనట్టు, ఆ ప్లేటు మొత్తాన్నీ అనుమానించాలి. రెండు రకాలు కలిసి కొత్త సంకర రకం పుట్టిందని ఎవరైనా ఉత్సాహపడితే అప్పుడూ ముందు అదే చూడు. ఎక్స్‌బీబీ లాంటి నిజమైన సంకరాలు ఉన్నాయి. వాటిలో ఒక భాగమంతా ఒక రకానిది, మిగతా భాగమంతా రెండో రకానిది అయి ఉంటుంది. కలుషితమైన నమూనాలో అయితే ఒకే స్థానంలో రెండు అక్షరాలూ కనిపిస్తాయి.

అన్నిటికన్నా నొక్కి చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. ఈ వైరస్ జన్యుక్రమం 29,903 అక్షరాలు. అంత పొడవునూ ఒక్కసారిగా చదవం. ఆర్టిక్ అనే పద్ధతి మూడో కూర్పులో దాన్ని సుమారు 400 అక్షరాల చొప్పున 98 ముక్కలుగా పెంచి, అంటే ఒక్కో ముక్కకు ఎన్నో నకళ్ళు తీసి, చదివేవారు. ముక్క పెరగాలంటే దాని రెండు చివర్లా ప్రైమర్ అనే చిన్న డీఎన్ఏ తునక అతుక్కోవాలి. వైరస్‌లో మార్పు సరిగ్గా ఆ అతుక్కునే చోటే వస్తే ముక్క పెరగదు. డెల్టా వచ్చినప్పుడు 72వ ముక్కకు ఇదే జరిగింది. వైరస్ పైన ముళ్ళలా ఉండే స్పైక్ ప్రోటీన్‌లో 142వ స్థానం ఆ ముక్కలోనే ఉంది. డెల్టాలో అక్కడ మార్పు ఉన్నా, ముక్క సరిగా పెరగక ఎన్నో జన్యుక్రమాల్లో పాత అక్షరమే నమోదైంది. పట్టికలు చూసేవారికి వైరస్ ఆ మార్పును పోగొట్టుకుంటూ, మళ్ళీ తెచ్చుకుంటూ ఉన్నట్టు కనిపించింది. వైరస్ అలాంటిదేమీ చేయలేదు. లోపం చదవడంలో ఉంది.

కాబట్టి చాలినన్ని సార్లు చదవని చోట, ఏ అక్షరమో తెలియదనడానికి గుర్తుగా, ఎన్ అని రాయి. రిఫరెన్స్‌లోని, అంటే పోల్చి చూసుకునే జన్యుక్రమంలోని, అక్షరాన్ని తెచ్చి అక్కడ పెట్టకు. ఎన్‌లు ఎక్కువైతే నివేదిక బాగుండదని ఎవరైనా మొహం చిట్లిస్తే చిట్లించనీ. ఖాళీ కనిపిస్తే తర్వాతివారు మళ్ళీ చదువుతారు, నింపేస్తే అక్కడ చూడాలని ఎవరికీ తోచదు. ప్రైమర్ అక్షరాలను కత్తిరించడం కూడా మరచిపోకు. అవి మనం కలిపినవి, రోగి ఒంట్లోంచి వచ్చినవి కావు.

ఫలితాలకు అర్థం చెప్పేటప్పుడు తొందరపడకు. 2020 మొదటి నెలల్లో ఏ3ఐ అనే రకం మన దేశంలో, ముఖ్యంగా తెలంగాణ, తమిళనాడుల్లో బాగా కనిపించింది. సీసీఎంబీ వాళ్ళు దాన్ని విడిగా గుర్తించారు. కొన్ని నెలలకే స్పైక్ 614వ స్థానంలో మార్పున్న రకం దాన్ని వెనక్కి నెట్టేసింది. ఒక రకం ముందుగా వచ్చి జనం గుమిగూడిన చోట పడితే ఎక్కువగా కనిపిస్తుంది, అంతమాత్రాన దానికి ప్రత్యేక బలం ఉన్నట్టు కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని చాలా చోట్ల వారం వారం దాని వాటా పెరుగుతుంటే అప్పుడు ఆలోచించాలి. డెల్టా అలా పెరిగింది.

ఒక ఇంట్లో నలుగురికి సోకితే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పమని నిన్ను అడుగుతారు. వైరస్ అంత నెమ్మదిగా మారేటప్పుడు నలుగురి జన్యుక్రమాలూ అక్షరం తేడా లేకుండా ఉండవచ్చు. చెప్పలేమని నిక్కచ్చిగా చెప్పు. ఎవరి మీదా నింద పడనివ్వకు. రకాలను దేశాల పేర్లతోనూ పిలవకు. 2021 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రీకు అక్షరాల పేర్లు తెచ్చింది అందుకే.

చదివినదాన్ని దాచుకోకు. 2020 జనవరి రెండో వారంలో మొదటి జన్యుక్రమం బయటపెట్టారు కాబట్టే అంత త్వరగా పరీక్షలు, టీకాల పని మొదలైంది. మన దేశంలో కరోనా జన్యుక్రమాలు చదివే ల్యాబ్‌ల కూటమి ఇన్సాకాగ్ 2020 డిసెంబర్‌లో పది ల్యాబ్‌లతో ఏర్పడింది. వాటిలో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ మన ఊరివే. నాణ్యత సరిచూసుకున్నాక అదే వారం పంపెయ్యి. వ్యాసం అచ్చయ్యాక పంపుదామని ఎవరన్నా ఒప్పుకోకు. ఆలస్యంగా తెలిసిన రకం అప్పటికే ఊరంతా తిరిగి ఉంటుంది.

మీ ల్యాబ్‌లో ఇప్పుడు ప్రైమర్ల ఏ కూర్పు వాడుతున్నారో చేరిన వారంలోనే కనుక్కుని నాకు రాయి. పాతదైతే మార్చమని అడగడానికి కొత్తగా చేరానన్న సంకోచం పెట్టుకోకు.

మీ పెద్దమ్మ