మా తిరుపతి వైపు చిత్తడి నేలలు ఉన్నాయా? వాటి రకాలేంటి, ఉపయోగమేంటి?

“కొండలూ బండలూ తప్ప మా జిల్లాలో చిత్తడి నేలలెక్కడివి” అని అడిగారు. బోలెడున్నాయండీ. చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న 1971 నాటి రాంసార్ ఒప్పందం లెక్కలో బురద నేల ఒక్కటే కాదు. చెరువు, కుంట, వరిమడి, ఉప్పుమడి, ఆటు సమయంలో ఆరు మీటర్ల లోతు దాటని సముద్రతీరం కూడా చిత్తడి నేలలే. లోతట్టువి, తీరంలోవి, మనిషి చేసినవి అని మూడు రకాలంటారు. పరీక్షకైతే అంత చాలు.

కళ్లతో చూడాలంటే చలికాలంలో సూళ్లూరుపేట వెళ్లండి. శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత పెద్దది ఇదే. రోడ్డు పక్కన బండి ఆపి చూస్తే ఫ్లెమింగోలు కాళ్లతో బురద తొక్కి రేపి, ముక్కు తలకిందులుగా పెట్టి నీళ్లు జల్లిస్తుంటాయి. నీళ్లు లోతు లేవు కాబట్టే వాటికి అక్కడ తిండి. అక్కణ్ణుంచి దొరవారిసత్రం దగ్గరి నేలపట్టుకు పోండి. అది మంచినీటి చెరువు. నీళ్లలో నిలబడ్డ, కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) పిల్లల్ని చేస్తాయి, మేతకేమో పులికాట్‌కు ఎగిరిపోతాయి. ఒకటి పాడైతే రెండోదీ బోసిపోతుంది. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లంటే కింద రైతులకు మహా ఇష్టం, ఎరువు ఖర్చు కలిసొస్తుందని.

ఇక మన చెరువులు. మా అమ్మమ్మగారి ఊళ్లో చెరువు నిండి మొరవ (అదనపు నీళ్లు పొర్లిపోయే చోటు) పోయిందంటే బావుల్లో నీళ్లు పైకొచ్చేవి. ఆ మొరవ నీళ్లే వంక పట్టుకుని కింది చెరువుకు పోతాయి. మధ్యలో వంకను పూడ్చి ప్లాట్లు వేస్తే నీళ్లు ఎటుపోవాలి? 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో నిలబడ్డవాళ్లను అడగండి.

నా మటుకు చెరువులో విలువైన చోటు నడిమధ్య కాదు, తుంగ, జమ్ము మొలిచే, లోతు లేని అంచు. నీళ్లు నిలిచిన ఆ బురదకు గాలి ఆడదు. అందులోని బ్యాక్టీరియా, పొలాల నుంచి కొట్టుకొచ్చిన నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తుంది. చేపపిల్లలు దాక్కునేదీ, కొంగ నిలబడేదీ అక్కడే. సుందరీకరణ అంటూ ఆ అంచును నిలువుగా చెక్కి రాళ్లు పేర్చేస్తున్నారు. వాకింగ్‌కు బాగానే ఉంటుంది మరి!

ఒక్క సంగతి. 2017 కేంద్ర నిబంధనలు సాగునీటి కోసం కట్టిన చెరువులనూ వరిమళ్లనూ చిత్తడి నేలల నిర్వచనంలోంచి తప్పించాయి. కాబట్టి మీ ఊరి చెరువు ఆక్రమణ మీద అర్జీ పెడితే “చిత్తడి నేల” అని రాయకండి. “చెరువు పొరంబోకు” అని, సర్వే నంబరు వేసి తహసీల్దారుకు ఇవ్వండి.