ఫ్రాన్స్ లాకోన్ గొర్రెలు తెచ్చి హైదరాబాద్ దగ్గర పాల వ్యాపారం చేయవచ్చా?

శంషాబాద్ అవతల కాస్త భూమి ఉంది, లాకోన్ గొర్రెలు తెప్పించి పాలు, చీజ్ అమ్మాలనుకుంటున్నాను, గిట్టుబాటవుతుందా అని అడిగారు. గొర్రెల సంగతి తర్వాత, ఆ పాలు ఎవరు కొంటారో ముందు చెప్పండి. నేను ఉప్పల్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను గానీ మాది కురుమల ఇల్లు. మా మేనమామ మంద ఇప్పటికీ చేవెళ్ల వైపు తిరుగుతోంది. కాబట్టి కాస్త గట్టిగానే మాట్లాడతాను.

మా ఆఫీసులో ఒకాయనకు ఇదే ఆలోచన వచ్చింది. ఏవో వీడియోలు చూశాడు. ఈ వీడియోల వాళ్లకు నెలకు లక్షల కంటే తక్కువ లెక్క రాదు కదా! పెద్ద స్టీలు క్యాన్ కారులో పెట్టుకుని తెల్లవారకముందే నన్ను లేపి తీసుకెళ్లాడు. ఆ రాత్రి ఒక రైతు ఎరువు కోసం మామ మందను తన చేనులో పెట్టించుకున్నాడు. అన్నీ దక్కని జాతి నల్ల గొర్రెలు. మామ ఒక తల్లి గొర్రె మెడ పట్టుకుంటే అత్త వెనక గొంతుక్కూర్చుంది. గేదె చన్నులా అది గుప్పిట్లోకి రాదు, బొటనవేలు, చూపుడువేలు మాత్రమే పనిచేయాలి. దారమంత ధార గ్లాసు అడుగున నాలుగుసార్లు చప్పుడు చేసి ఆగిపోయింది. పిల్లను వదిలితే, అది పొదుగును తలతో కుమ్మాక గానీ గొర్రె మళ్లీ చేపలేదు. అలా కొన్నింటిని పితికితే ఒక టీ గ్లాసు నిండింది. ఇంకొన్ని చూద్దామా అన్నాడు మావాడు. "పిల్లల కడుపు కొట్టి నువ్వేం తాగుతావయ్యా?" అంది అత్త. ఖాళీ క్యాన్ తిరుగు దారంతా డిక్కీలో గణగణ మోగుతూనే ఉంది.

దక్కని గొర్రెలో లోపం ఏమీ లేదు. మనవాళ్లు దాన్ని మాంసానికి, ఎరువుకు, గొంగడి ఉన్నికి, మైళ్లకొద్దీ నడిచే శక్తికి పెంచుకున్నారు. పిల్ల బలిస్తేనే డబ్బు, పాలన్నీ పిల్లవే. లాకోన్ దారి వేరు. అక్కడ నెల తిరిగేసరికి పిల్లను విడదీసి, రోజుకు రెండు పూటలా యంత్రాలతో పితుకుతారు. 1960 ప్రాంతంలో ఆ గొర్రె కూడా ఒక ఈతకు 80 లీటర్లే ఇచ్చేది. ఏ పొట్టేలుకు పుట్టిన ఆడగొర్రెలు ఎక్కువ పాలిస్తున్నాయో ఏళ్ల తరబడి లెక్కలు రాసి, ఆ పొట్టేళ్లతోనే కృత్రిమ గర్భధారణ చేయించి, 1990ల చివరికి 270 లీటర్ల దాకా తెచ్చారు. అంత ఓపిక ఎలా వచ్చిందంటే, కొనేవాడు ముందే ఉన్నాడు. రోక్‌ఫోర్ అనే అక్కడి చీజ్ పేరుకు 1925లోనే చట్టం రక్షణ ఇచ్చింది. లాకోన్ గొర్రె పచ్చిపాలతో తప్ప దాన్ని చేయకూడదు.

కొనేవాళ్లున్నా సుఖమని చెప్పలేం. ఇటలీలోని సార్డీనియా దీవిలో సార్డా అనే పాడి గొర్రెలున్నాయి, గొర్రె పాలతో చేసే పెకొరీనో చీజ్ పరిశ్రమ ఉంది. అయినా 2019 ఫిబ్రవరిలో అక్కడి కాపరులు లీటరుకు 60 యూరో సెంట్లు ఏ మూలకని పాలు రోడ్ల మీద పారబోశారు.

ఇక మన సంగతి. 2019 పశుగణనలో తెలంగాణలో 1.9 కోట్ల గొర్రెలు తేలాయి, దేశంలో మనదే మొదటి స్థానం. 2017లో ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున రాయితీ మీద పంచింది. అంతా మాంసం లెక్కే, పాల ఊసే లేదు. మందలు తిరగడానికి బీళ్లూ లేవు, ఎటు చూసినా వెంచర్ల హద్దురాళ్లే. మామ ఇప్పుడు చుట్టూ తిరిగి వెళ్లే దారి మీద ఒక కథ రాయవచ్చు. పైగా వానాకాలంలో నీలి నాలుక రోగం తిరుగుతుంది, విదేశీ జాతులు దానికి త్వరగా లొంగుతాయి. దిగుమతి అనుమతులు, క్వారంటైన్ ఖర్చు వేరే.

గొర్రె పాలు చిక్కన, నిజమే, వెన్న ఏడు శాతం దాకా ఉంటుంది. మన ముర్రా గేదె పాలలోనూ దాదాపు అంతే. రోజూ ఆ పాలతో పెరుగు తోడు పెట్టుకునే హైదరాబాదీ, అంతే చిక్కని పాలకు మూడింతలు ఎందుకు ఇస్తాడు? చీజ్ మీదే మనసైతే గేదెలతో మొదలుపెట్టండి. ఇటలీలో పేరుమోసిన మొజరెల్లా గేదె పాలతోనే చేస్తారు. ఇక్కడ గేదెలున్నాయి, పితికేవాళ్లున్నారు, పిజ్జా తినేవాళ్లకైతే కొదవే లేదు.